ఆవిరి, అంగారము, కృష్ణాజలము
(ఆర్. విద్యాసాగరరావు స్మారకోపన్యాస పాఠము)



ఏ మహనీయుని స్మృత్యర్థము మన మిచ్చట సమావేశమైతిమో ఆ విద్యాసాగరరావుగారు 1939లో జాజిరెడ్డిగూడెమున జన్మించి, కేంద్ర జలసంఘమున ఉన్నతమైన ఇంజనీరు పదవుల నిర్వహించి, విశ్రాంతి ననుభవింపవలసిన వయస్సున ఊరూర తిరిగి, కృష్ణానది నీరు ఎవరి పొలమునకు పోవుచున్నదో, ఎవరి పొలమునకు పోకున్నదో, సామాన్యుడైన రైతునకు బోధపడు మాటలలో లెక్కగట్టి చెప్పినవారు. 2017 ఏప్రిలులో వారు దివంగతులైరి. డిండి ఎత్తిపోతల పథకమునకు వారి నామధేయ ముంచబడినది. ఏ పథకము నెవరెంత కొనియాడినను దానిని ముందుగా నీటిపద్దుతో సరిచూడవలెనను శిక్షణమును వారు ఈ ప్రాంతమునకు విడిచిపోయిరి. నేనీ దినమున చేయబూనినది ఆ శిక్షణమును ఒక క్రొత్త విషయమునకు అన్వయించుట మాత్రమే.

ఒకే కొలిమినుండి విద్యుత్తును, పనికివచ్చు ఆవిరివేడిమిని జమిలిగా రాబట్టి, ఆ కొలిమి పొగలోని బొగ్గుపులుసు వాయువును (కార్బన్ డయాక్సైడును) ఆకాశమునకు పోనీయక పట్టి భూగర్భమున దాచు కర్మాగారములను గూర్చి ప్రపంచమున నలువది సంవత్సరములకు తక్కువగాకుండ ఆలోచన సాగుచున్నది. వానివలన పరిసరములకు కలుగు మేలెంత, కీడెంత యన్నది నా విషయము. ఇది చలిదేశములవారి చర్చ, నడివేసవిలో బండలు పగులు నల్లగొండకును పాలమూరునకును దీనితో నేమి పని యని శంకించువారుందురు. ఆ శంకలో కొంత న్యాయము కలదు; ఎంత న్యాయమో తేల్చుటకే ఈ ప్రసంగము.

నల్లగొండ జిల్లా దామరచర్ల మండలమున, వీర్లపాలెము కడ, నాలుగువేల ఎకరములకు పైబడిన అటవీభూమిని మళ్లించి నిర్మించిన యాదాద్రి థర్మల్ విద్యుత్కేంద్రము నేడు మన ప్రాంతపు కొలుములన్నిటిలో పెద్దది. 2015 జూన్‌లో శంకుస్థాపన, ఒక్కొక్కటి 800 మెగావాట్ల యూనిట్లు ఐదు, కట్టినది బీహెచ్‌ఈఎల్, బొగ్గు సింగరేణిది, నీరు కృష్ణది. జాతీయ హరిత న్యాయస్థానపు చెన్నై పీఠము 2022 సెప్టెంబరులో దీని పర్యావరణానుమతిని నిలిపి, మరికొన్ని అధ్యయనములు జరుపవలసినదని యాదేశించుటయు, 2024లో మరల ప్రజాభిప్రాయ సేకరణ జరుగుటయు, ఆ సంవత్సరాంతమునకే ఒక యూనిట్టు ఉత్పత్తికి దిగుటయు మీరెరిగినవే. ఎగువన, పాలమూరు సరిహద్దు దాటిన వెంటనే, కృష్ణ యావలి యొడ్డున, రాయచూరు జిల్లా శక్తినగరమున 1,720 మెగావాట్ల కేంద్రమొకటి 1985 మొదలు పొగ విడుచుచునే యున్నది. ఈ రెండు పొగగొట్టముల సముదాయముల నడుమ మన రెండు జిల్లాల కృష్ణ ప్రవహించుచున్నది.

కాగితము మీద ఒక చిన్న లెక్క వేయుదము. నాలుగువేల మెగావాట్ల కేంద్రము నూటికి ఎనుబది పాళ్ల సామర్థ్యముతో సంవత్సరము పొడుగున నడచినచో 2,800 కోట్ల యూనిట్ల విద్యుత్తు పుట్టును. యూనిట్టుకు తొమ్మిదివందల గ్రాముల చొప్పున బొగ్గుపులుసు వాయువు రెండున్నర కోట్ల టన్నులగును; అనగా దినమునకు అరువదివేల టన్నులకు పైమాట. మన దేశపు బొగ్గు విద్యుత్కేంద్రములలో ఈ వాయువును పట్టుటకు జరిగిన యత్నములను దీనిప్రక్కన నుంచి చూడుడు. 2022లో ఎన్‌టీపీసీవారు వింధ్యాచలమున నెలకొల్పిన యంత్రము దినమునకు 20 టన్నులు పట్టును. సింగరేణివారు జైపూరు కేంద్రమున పొగనుండి మిథనాలు తీయు చిన్న ప్రయోగయంత్రము నొకదానిని నిలిపిరి. ఈ యత్నములను నేను తక్కువచేయుట లేదు. నేర్చుకొనుటకు చిన్న యంత్రమే మేలు. కాని ఇరువది టన్నుల అనుభవమును చూపి అరువదివేల టన్నుల పొగకు నేడే పూచీ పడువారి మాట వినునపుడు విద్యాసాగరరావుగారి ప్రాంతమువారు కాగితము, పెన్సిలు దగ్గర నుంచుకొనవలెను.

ఇక వేడిమి సంగతి. యాదాద్రి వంటి నూతన పద్ధతి కేంద్రములలో సయితము బొగ్గులోని వేడిమి నూటికి నలువది పాళ్లకు మించి విద్యుత్తుగా మారదు. మిగిలినది చల్లబరచు గోపురముల మీదుగా మబ్బువలె లేచి పోవుచుండును, లేదా పొగతో పోవును. కోపెన్‌హేగెను నగరమున ఈ పోవు వేడిమిని గొట్టములలో నింపి ఇండ్లను వెచ్చబరచుకొందురు గనుక, వారి కొలుములలో ఇంధనపు వేడిమి నూటికి ఎనుబది పాళ్లకు పైగా సద్వినియోగమగుచున్నది. దామరచర్లలో మే మాసమున ఇంటికి వేడినీటి గొట్టము వేయింతుమన్నచో జనులు కఱ్ఱ తీసుకొందురు. ఆవిరి అవసరమైనవారు మనకును కలరు: మిర్యాలగూడ బియ్యపు మిల్లులు, చౌటుప్పలు చుట్టునున్న మందుల కర్మాగారములు, జడ్చర్ల కడ పోలేపల్లి సెజ్‌లోని ఔషధ పరిశ్రమలు. కాని ఆవిరి కొలది కిలోమీటర్లకు మించి ప్రయాణము చేయలేదు, త్రోవలోనే నీరగును. విద్యుత్కేంద్రము నొకచోట, ఆవిరి కోరువారి నింకొకచోట నిలిపిన మన ప్రణాళికలు ఈ పొత్తును మొదటనే తెగగొట్టినవి.

వాయువును పట్టు విధానమును చూచినచో ఒక విచిత్రము గోచరించును. పొగను చల్లార్చి, అమైను అను రసాయనపు ద్రావణము జల్లుగా కురియు స్తంభములోనికి క్రిందినుండి పంపుదురు. ద్రావణము బొగ్గుపులుసును పట్టుకొని దిగును. దానిని వేరొక స్తంభమున సుమారు నూట ఇరువది డిగ్రీలకు కాచినపుడు వాయువు విడివడును, ద్రావణము తిరిగి పనికి వచ్చును. టన్ను వాయువును ఇట్లు విడిపించుటకు దాదాపు టన్నున్నర ఆవిరి కావలెను. ఆ ఆవిరిని టర్బయిను కడుపునుండి తీయవలసినదే. తీసినంత విద్యుత్తు తరుగును. కాబట్టి బొగ్గుపులుసును పట్టు ప్రతి కేంద్రమును, తాననుకొన్నను అనుకొనకున్నను, విద్యుత్తును వేడిమిని కలిపి ఇచ్చు జంట కర్మాగారమే. అయితే ఆ వేడిమికి గిరాకీదారు తాను పెట్టుకొన్న యంత్రమే! అమెరికాలో టెక్సాసు రాష్ట్రపు పెట్రానోవా పథకమువారు ఈ చిక్కు తప్పించుకొనుటకు, బొగ్గు కేంద్రము ప్రక్కనే ప్రత్యేకముగా సహజవాయువుతో నడచు జంట కర్మాగారము నొకదానిని కట్టుకొనిరి. పొగను పట్టుటకు వేరొక పొగగొట్టము లేచినది. 2017లో పనికి దిగిన ఆ పథకము 2020లో ఆగి, 2023లో మరల మొదలైనది.

ఈ విద్యలో ముందుండిన దేశము నార్వే. మాంగ్‌స్టాడ్ అను రేవునందలి చమురుశుద్ధి కర్మాగారము ప్రక్కన సహజవాయువుతో విద్యుత్తును, వేడిమిని కలిపి ఇచ్చు కేంద్రము నిర్మించి, దాని పొగను సమగ్రముగా పట్టుదుమని ఆ దేశపు ప్రధానమంత్రి 2007 నూతన సంవత్సర సందేశమున ప్రకటించి, దీనిని తమ చంద్రయాత్రగా వర్ణించెను. 2012లో పరీక్షాకేంద్రము తెరువబడెను. 2013లో పూర్తి ప్రమాణపు పథకము విరమింపబడెను. చంద్రునిపై దిగకయే వారు తిరిగివచ్చిరి గాని, రిక్తహస్తములతో రాలేదు. త్రాండ్‌హైము విశ్వవిద్యాలయపు పండితులు ఇంధనము నేలనుండి వెలువడినది మొదలు వాయువు నేలలో చేరువఱకు ప్రతి మెట్టునందలి భారమును కూడి చూపిరి. పొగగొట్టము వద్ద నూటికి తొంబది పాళ్లు పట్టినను, అదనపు ఇంధనమును, రసాయనములను, రవాణాను లెక్కించినపుడు భూతాపమునకు తగ్గునది మూడింట రెండు వంతులు, మహా అయిన ముప్పాతిక. అదే సమయమున జలములయందును, నేలయందును విషభారమును, జలాశయములు పాచిపట్టుటకు కారణమగు పోషకభారమును పెరుగును. ఆకాశపు పద్దులో జమ పడునది, ఊరి పద్దులో ఖర్చు పడునది.

ఈ ఖర్చును మన నేలకు దించి చూతము. బొగ్గు కేంద్రమునకు ఈ యంత్రము తగిలించి, చేతికి వచ్చు విద్యుత్తు తగ్గకుండ చూచుకొనవలెనన్నచో పాతిక మొదలు నలువది శాతము అదనపు బొగ్గు కావలెనని అంతర్జాతీయ శాస్త్రజ్ఞ సంఘమువారు 2005 నివేదికలోనే వ్రాసిరి. యాదాద్రి పరిమాణపు కేంద్రము సంవత్సరమునకు కోటిన్నర టన్నులకు అటునిటు బొగ్గును కాల్చును. సింగరేణి బొగ్గున నూటికి ముప్పదియైదు, నలువది పాళ్లు బూడిదయే. అనగా యాబది, అరువది లక్షల టన్నుల బూడిద. ఈ యంత్రము వచ్చినచో మూడవ వంతు అదనముగా చేరును. కొత్తగూడెము, మణుగూరు గనులలో తవ్వకము పెరుగును, రైలు పెట్టెలు పెరుగును, బూడిదచెరువు గట్లు ఎత్తు పెరుగును. వైశాఖమున పడమటిగాలి తిరిగినపుడు ఆ చెరువులోని పొడిబూడిద ఎవరి మిరపకల్లముమీద వ్రాలునో తండాలవారిని అడిగిన చాలును.

నీటి లెక్క ఇంకను కఠినము. కేంద్రప్రభుత్వ నియమము ననుసరించి నూతన కేంద్రములు మెగావాటు గంటకు మూడు ఘనమీటర్ల నీటికి మించి వాడరాదు. 2,800 కోట్ల యూనిట్లకు ఇది దాదాపు మూడు టీఎంసీలు. వాయువును పట్టు యంత్రము చేరినచో పొగను చల్లార్చుటకును, ద్రావణమును చల్లార్చుటకును, వాయువును అదిమి ద్రవముగా మార్చునపుడు పుట్టు వేడిమిని చల్లార్చుటకును నీరే దిక్కు. నికరమైన యూనిట్టు ఒక్కింటికి నీటి వాడుక సగమునుండి తొంబది శాతము వఱకు పెరుగునని పరిశోధకుల అంచనా. అనగా మూడు టీఎంసీలకు బదులు నాలుగున్నర, లేదా అయిదున్నర. టీఎంసీకి పదివేల ఎకరముల ఆరుతడి పైరు అను మన వాడుక లెక్కను బట్టి, పెరిగిన నీరు పదునైదువేల మొదలు పాతికవేల ఎకరములది. నాగార్జునసాగరు ఎడమకాలువ చివరి భూములకు వంతులవారీగా నీరు వదలు సంవత్సరములలో ఈ పాతికవేల ఎకరములు ఎవరివన్నది వట్టి లెక్కప్రశ్నగా మిగిలిపోదు.

ఒక మేలును చెప్పకపోవుట అన్యాయము. పొగలో గంధకపు వాయువున్నచో అమైను ద్రావణము చెడిపోవును గనుక, వాయువును పట్టుటకు ముందుగా గంధకమును దాదాపు నిశ్శేషముగా తీసివేయక తప్పదు. దుమ్మును సయితము అంతే. ఊరి ఊపిరితిత్తులకు ఇది నిజమైన లాభము. కాని ఈ లాభము వేరుగా, ఇంతకంటె చౌకగా పొందదగినది. 2015 డిసెంబరు నియమములు 2017 తరువాతి కేంద్రములకు గంధక వాయువు ఘనమీటరునకు వంద మిల్లీగ్రాములకు మించరాదని విధించినవి. పదేండ్లు గడువులు పొడిగించి పొడిగించి, 2025 జులైలో దేశమునందలి బొగ్గు కేంద్రములలో అధికభాగమునకు ఆ యంత్రముల నిర్బంధమునుండి మినహాయింపు నిచ్చిరి. గంధకమును తీయుటకే ఖర్చు భారమనుచున్న మనము, దానికి ఎన్నో రెట్లు ఖర్చగు బొగ్గుపులుసును తీయుదుమని ప్రకటించుట ఎట్టి నమ్మికను కలిగించును?

అమైనుల సంగతికి వత్తును. నల్లగొండవారు దీనిని అందరికంటె శ్రద్ధగా వినవలెను. ద్రావణము నిత్యము కాచి చల్లార్చబడుచు కొంత చెడును, కొంత ఆవిరియై పొగతోపాటు పైకి పోవును. టన్ను వాయువునకు కిలోన్నర చొప్పున నష్టపడునని లెక్క. రెండున్నర కోట్ల టన్నులకు అది ముప్పదియేడువేల టన్నులకు పైబడిన రసాయనము. అడుగున మిగులు చెడిన ద్రావణము అపాయకరమైన వ్యర్థముగా పరిగణింపబడును. గాలిలో కలిసిన భాగము పొగలోని నత్రజని వాయువులతోను, ఎండతోను కూడి నైట్రోసమీన్లు, నైట్రమీన్లు అను పదార్థములుగా మారును. వీనిలో కొన్ని క్యాన్సరు కారకములు. అందుచే నార్వే ప్రజారోగ్య సంస్థవారు ఈ రెండింటి మొత్తము గాలిలో ఘనమీటరునకు 0.3 నానోగ్రాములు, త్రాగునీటిలో లీటరునకు 4 నానోగ్రాములు మించరాదని సూచించిరి. నానోగ్రామనగా మిల్లీగ్రామున పదిలక్షలవ వంతు. ఇంత సూక్ష్మమును కొలువగల ప్రయోగశాల వాడపల్లి సంగమము కడ ఎవరు నడపుదురు? అచ్చట మూసీ కృష్ణలో కలియుచున్నది. హైదరాబాదు మురుగును, మందుల కర్మాగారముల శేషములను మోసికొని వచ్చిన నీరది. దిగువన పులిచింతల. మునుపే బరువెక్కిన నీటికి క్రొత్త బరువు చేర్చుటకు ముందు ఆ నీటిని కొలుచు అలవాటు చేసికొనవలెను.

కంటికి కనబడని కొలతలు మనుష్యుని నడుము వంచునని మనకు పుస్తకములు చదివి తెలియలేదు. లీటరునకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటిన ఫ్లోరైడు మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు ప్రాంతములలో తరతరముల వెన్నెముకలను కట్టెవలె బిగించినది. ఆ ఫ్లోరైడు మన గ్రానైటు శిలలనుండి ఊరినది. ఏ పొగగొట్టపు దోషమును కాదు. అయినను ఆ రోగమునకు చేసిన చికిత్స చరిత్ర మన విషయమునకు అక్కరకు వచ్చును. నాగపూరులోని నీరి సంస్థవారు రూపొందించిన విధానము నల్లగొండ పేరనే లోకప్రసిద్ధమైనది: పటిక, సున్నము, బ్లీచింగు పొడి కలిపి కలియబెట్టి, తేర్చి, వడగట్టుట. విధానము శాస్త్రీయమే. కాని ఫ్లోరైడుతో నిండిన మడ్డి అడుగున మిగిలెను, దానిని పారబోయు చోటు ఎవరికిని తోచలేదు. పటిక మోతాదు తప్పినచో అల్యూమినియము నీటిలో మిగిలెను. ఊరిలో దినదినము ఈ పని చేయువారు కొఱవడిరి. తుదకు రోగము తగ్గుముఖము పట్టినది మడ్డిని వడగట్టుటవలన గాక, బోరునీటికి బదులు కృష్ణనీరు గొట్టములలో ఇంటికి వచ్చుటవలన. 2015లో చౌటుప్పలున పైలాను నిలిపిన భగీరథ పథకమున ఎన్ని లోపములున్నను ఈ సత్యమును అది రుజువుచేసినది: మూలమును మార్చుట సాధ్యమైనచోట వడగట్టుటకై తంటాలుపడ నక్కరలేదు. విద్యుత్తు విషయమున మూలమును మార్చుట నేడు సాధ్యము. పాలమూరు ఎండకు కొదువ లేదు. రాత్రికి దాచుకొనుటకు నాగార్జునసాగరున నీటిని తిరిగి పైకి తోడు యంత్రములు దశాబ్దముల క్రితమే నిలిపియున్నారు. కావున క్రొత్త బొగ్గు కేంద్రమును సమర్థించుటకు ఈ పట్టుడు యంత్రమును పేర్కొనువారి వాదమును నేనంగీకరింపను.

అయినచో ఈ విద్యకు మన ప్రాంతమున తావే లేదా? కలదు; వెదకవలసిన చోట వెదకవలెను. మూలమును మార్చ వీలుకానివి రెండు కొలుములు మనయొద్ద కలవు.

మొదటిది బియ్యపు మిల్లు. మిర్యాలగూడ చుట్టు ఉప్పుడుబియ్యపు మిల్లులలో ఒకదానిలోనికి యాసంగి కోతల కాలమున తెల్లవారుజామున అడుగుపెట్టి చూడుడు. ఇనుపతొట్లలో నానిన వడ్ల పులిసిన వాసన గుప్పున ముక్కు కెక్కును. బాయిలరు ముందు తలగుడ్డ చుట్టుకొన్న కూలీ ఊకకుప్పను పారతో తొట్టిలోనికి నెట్టుచుండును. గొట్టపు కవాటము త్రిప్పగనే బుస్సుమని ఆవిరి వడ్లలో జొరబడి, తొట్టి అంచులనుండి తెల్లగా పొంగును. ప్రక్కన డ్రయ్యరు వేడిగాలి వదలుచుండును. బాయిలరు నోరు తెరచినపుడు ఎఱ్ఱని ఊకనిప్పు అలలుగా కదలును. ఆవరణ దాటి బయటికి వచ్చునప్పటికి చొక్కామీద నల్లని రజను పడియుండును. బండిమీద పోవువారు కన్నులు నులుముకొనుచుందురు. మిల్లు చుట్టు మేడలవారు బట్టలు ఆరవేయుటకు గాలి దిక్కు చూచుకొందురు. ఇది మన దేశీయమైన వేడిమి విద్య. నూరు కిలోల వడ్లకు ఇరువది కిలోల ఊక, ఆ ఊకయే ఆ వడ్లను ఉడికించి ఆరబెట్టును, ఇంకను మిగులును. మిగిలిన ఊకతో పీడనము ఎక్కువగల ఆవిరిని పుట్టించి, ముందు టర్బయినును త్రిప్పి, దానినుండి వెలువడిన ఆవిరితో వడ్లు ఉడికించు మిల్లులే నిజమైన జంట కర్మాగారములు. కొత్తకోట ప్రాంతపు చక్కెర మిల్లులో చెఱకుపిప్పితో చేయుపనియు ఇట్టిదే.

ఈ కొలుముల పొగలోని అంగారము (కార్బను) గత సంవత్సరము గాలినుండి వరిమొక్క పీల్చుకొన్నది. దానిని పట్టి దాచినచో ఆకాశమునుండి నిజముగా కొంత తీసివేసినట్లగును. బొగ్గుపొగను పట్టుటలో క్రొత్తది చేరకుండ ఆపుటయే కలదు గాని తీసివేత లేదు. డెన్మార్కు దేశపు అవెడోరు కేంద్రమున గడ్డిని కాల్చి విద్యుత్తును, నగరమునకు వేడిమిని ఇచ్చుచు, ఆ పొగను పట్టి నార్వే సముద్రగర్భమునకు పంపుటకు పనులు చేపట్టబడినవి. కలుండ్‌బోర్గులోని కఱ్ఱముక్కల కేంద్రముతో కలిపి సంవత్సరమునకు 4,30,000 టన్నులు వారి లక్ష్యము. స్టాక్‌హోమునందును అట్టి కేంద్రమునకే 2025లో నిర్ణయము జరిగినది. మనయొద్ద ఒక్కొక్క మిల్లు చిన్నది. వేరువేరుగా పట్టుట వెఱ్ఱి ఖర్చు. పది, పదునైదు మిల్లులకు నడుమ ఒక ఉమ్మడి బాయిలరు నిలిపి, మంచి దుమ్ముపట్టు యంత్రము తగిలించి, గొట్టములలో ఆవిరిని పంచినచో, చొక్కామీది నల్లరజను ముందు తగ్గును; వాయువును పట్టు ఆలోచన తరువాత రావచ్చును. ఈ వరుస తలక్రిందులు కారాదు. ఊక బూడిదలో నూటికి ఎనుబదియైదు పాళ్లకు పైగా సిలికా. కొలిమి మితిమీరి కాలినచో అది స్ఫటికరూపము దాల్చి, పీల్చినవారి ఊపిరితిత్తులను గాయపరచును. ఏడువందల డిగ్రీల లోపల కాల్చినచో అదే బూడిద సిమెంటులో చేర్చదగిన సరకు. కొలిమి మేస్త్రీకి ఈ అంకె తెలిపి ఉష్ణమాపకము నొకటి చేతికిచ్చుట ఏ అమైను స్తంభము కంటెను ముందుగా జరుగవలసిన పని.

గడ్డిని గూర్చి ఒక హెచ్చరిక. హార్వెస్టరుతో కోసిన మళ్లలో గడ్డిని తగులబెట్టుట పెరిగినది గనుక, దానినంతయు బాయిలర్లకు తోలుదమనువారు కలరు. వెల్దండ, అచ్చంపేట వైపు ఎండాకాలము పశువులకు మేత దొరకక అమ్ముకొన్న రైతుల నడిగి తరువాత లెక్క వేయుడు. మన చల్క నేలలలో సేంద్రియ పదార్థము మొదలే తక్కువ. గడ్డియంతయు మోసికొనిపోయిన మడి మరుసటి పంటకు ఎరువుల బస్తాల రూపమున ఆ బాకీని వసూలు చేయును.

రెండవ కొలిమి సిమెంటు బట్టీ. విష్ణుపురము, మఠంపల్లి, మేళ్లచెర్వు: కృష్ణ యొడ్డున సున్నపురాతి పరుపు మీద వరుసగా బట్టీలు లేచినవి. నూరు పాళ్ల సున్నపురాయి కాలినపుడు నలుబదినాలుగు పాళ్లు బొగ్గుపులుసుగా లేచిపోవును. ఇది ఇంధనపు దోషము కాదు, రాయి స్వభావము. సౌరవిద్యుత్తుతో బట్టీని కాల్చినను ఈ వాయువు పోదు. అందుచే ఈ పట్టుడు విద్య యథార్థముగా చెందవలసినది సిమెంటునకు. నార్వేలోని బ్రెవిక్ కర్మాగారమున 2025 జూన్‌లో ఆరంభమైన యంత్రము సంవత్సరమునకు నాలుగు లక్షల టన్నులు పట్టును; ద్రావణమును కాచుటకు బట్టీలో వృథాగాపోవు వేడిమినే వాడుకొనుచున్నారు. మన బట్టీలలో వృథావేడిమితో విద్యుత్తు తీయుట మునుపే వాడుకలోనికి వచ్చినది. ఆ వేడిమినే ఈ పనికి మళ్లింపవచ్చును. తమిళనాట తూత్తుకుడిలో ఒక క్షారపు కర్మాగారమువారు 2016లో తమ బొగ్గు బాయిలరు పొగనుండి వాయువును పట్టి సోడా తయారీకి వాడుకొన నారంభించిరి. ప్రభుత్వ సహాయము లేకయే సాగిన పని యని దానికి పేరు. పట్టిన చోటనే వాడుక ఉండుటచే అది సాధ్యమైనది.

ఈ రెండు కొలుములు గాక, ఇథనాలు కర్మాగారములలో పులియు తొట్లనుండి వచ్చు వాయువు దాదాపు శుద్ధము, అమైనే అక్కరలేదు. అంగారపు లెక్కలో ఇంతకంటె సులభమైనది లేదు. అయినను 2023లో నారాయణపేట జిల్లా చిత్తనూరు పరిసర గ్రామములవారు అట్టి కర్మాగారము దుర్గంధమును, వాగునీటి కాలుష్యమును సహింపలేమని వీథికెక్కిరి. ఆకాశపు లెక్కలో మొదటి శ్రేణి వచ్చినది ఊరిలెక్కలో తప్పవచ్చునని చూపుటకు ఈ యుదాహరణము చాలును.

పట్టినదానిని దాచుట యెక్కడ? మన జిల్లాలది కఠినమైన గ్రానైటు. దానిలో వాయువు నిలుచు రంధ్రములు లేవు. కృష్ణా గోదావరీ బేసినునందలి ఇసుకరాతి పొరలు దూరమున, తీరమున నున్నవి. పడమట కొడంగలు, తాండూరు దిక్కున దక్కను నల్లరాతి పరుపు అంచు మొదలగును. నల్లరాతిలో బొగ్గుపులుసు రాయిగా గడ్డకట్టునని ఐస్లాండు కార్బ్‌ఫిక్స్ పథకమువారును, అమెరికాలో వాలూలా కడ సుమారు వేయి టన్నులు దింపి చూచినవారును నిరూపించిరి. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థవారు మన నల్లరాతిని ఈ దృష్టితో పరిశీలించిరి. అయితే ఐస్లాండు పద్ధతిలో టన్ను వాయువును దింపుటకు పాతిక టన్నుల నీరు కావలెను! వలస బస్సులకు ప్రసిద్ధికెక్కిన పాలమూరు పడమటి మండలములలో ఆ నీటిని ఎవరి బావినుండి తోడుదురో చెప్పక ఆ పథకము పేరెత్తరాదు. అంచున ఆ పరుపు పలుచన గూడ. లోతులేని చోట దాచిన వాయువు త్రాగునీటి పొరలను చేరు ప్రమాదము కలదు.

నా అభిప్రాయమును దాపరికము లేక చెప్పుదును. వీర్లపాలెమునకు కావలసినవి గంధకమును తీయు యంత్రము, బూడిదకు నిజమైన వినియోగము, పొగ కొలతల బహిరంగ ప్రకటన. బొగ్గుపులుసును పట్టుదుమన్న వాగ్దానముతో ఈ మూడింటిని వాయిదా వేయరాదు. పరిశోధన ధనమున్నచో ఒక సిమెంటు బట్టీ కడను, మిర్యాలగూడలో ఒక ఉమ్మడి ఊకబాయిలరు కడను ఖర్చుపెట్టవలెను. అట్టి పథకము ఏదైనను రానున్నప్పుడు, అనుమతికి ముందే, నాలుగు పద్దులు తెలుగులో అచ్చువేసి గ్రామసభ ముందుంచవలెనని ఈ సభద్వారా ప్రభుత్వమును కోరుచున్నాను: సంవత్సరమునకు ఎన్ని టీఎంసీల నీరు, ఎన్ని టన్నుల అదనపు ఇంధనమును బూడిదయు, ఎంత చెడిన ద్రావణము ఏ చోటికి పోవును, గాలిలోను బావినీటిలోను నైట్రోసమీన్లను ఎవరు, ఎన్నినాళ్లకొకసారి కొలుతురు. ఈ సభలో ఇంజనీరింగు విద్యార్థులు పెక్కురు కనబడుచున్నారు. ప్రజాభిప్రాయ సేకరణ దినమున డేరా క్రింద ముందు వరుసలో మీరు కూర్చుండి, ఆ నాలుగు అంకెలను అడిగి వ్రాసికొనుడు.